చెయ్యి పోయిన కూలీకి పంచాయితీ కాదు, పరిహారం కావాలి

పత్తి మిల్లులో కూలీ చెయ్యి యంత్రంలో పడితే మన ఆదిలాబాద్ జిల్లాలో ముందుగా కదిలేది పెద్దమనుషులు. గాయపడ్డ మనిషి ఇంకా రిమ్స్‌లో మంచం మీదే ఉంటాడు, బయట బేరం మొదలవుతుంది. దవాఖాన ఖర్చు యజమాని భరిస్తాడు, పైన ఎంతో కొంత చేతిలో పెడతాడు, తెల్లకాగితం మీద వేలిముద్ర పడుతుంది. దాంతో లెక్క తీరిపోయిందని అందరూ లేచిపోతారు. కార్మికుడి హక్కును ఇంత చవకగా కొనేసే ఈ పద్ధతికి స్వస్తి చెప్పాల్సిందే.

ఆ హక్కు కొత్తదేమీ కాదు. పనిలో గాయపడ్డ కార్మికుడికి యజమాని పరిహారం చెల్లించాలని 1923లోనే చట్టం వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా మూల సూత్రం మారలేదు. యజమాని తప్పు చేశాడని కూలీ నిరూపించనక్కర్లేదు, పని వల్ల, పని సమయంలో ప్రమాదం జరిగితే చాలు. కూలీ అజాగ్రత్తగా ఉన్నాడన్న వాదన ప్రాణం పోయినప్పుడు, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినప్పుడు అసలే చెల్లదు.

ఎంత ఇవ్వాలో కూడా ఎవరి దయకూ వదిలిపెట్టలేదు. 30 ఏళ్ల కూలీ నెలకు 9,000 రూపాయలు సంపాదిస్తున్నాడనుకుందాం. ప్రాణం పోతే జీతంలో సగాన్ని ఆ వయసుకు చట్టం నిర్ణయించిన 207.98తో హెచ్చించాలి. అది 9,35,910 రూపాయలు. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే జీతంలో 60 శాతం లెక్కన 11,23,092 రూపాయలు. ఒక చేతి నాలుగు వేళ్లు తెగిపోతే సంపాదన శక్తిలో 50 శాతం పోయినట్టు చట్టంలోని షెడ్యూలే చెబుతోంది, అంటే 5,61,546 రూపాయలు. పంచాయితీలో కూర్చునే పెద్దమనుషులు ఈ అంకెలు ముందుపెట్టుకొని మాట్లాడాలి. ఒక్కోసారి షెడ్యూలు చెప్పినదానికన్నా ఎక్కువే రావచ్చు. సినిమా హాలులో పనిచేస్తూ కిందపడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975లో ఆ మాటే చెప్పింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతని సంపాదన శక్తి నూటికి నూరు శాతం పోయినట్టేనని, చెల్లించాల్సిన బాధ్యత ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని తీర్పునిచ్చింది. నెల దాటితే 12 శాతం వడ్డీ కట్టాలి. సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా పడుతుంది.

‘గుత్తేదారు తెచ్చిన కూలీ, మాకు సంబంధం లేదు’ అని మిల్లు యజమానులు తప్పించుకోలేరు. ముందు తామే చెల్లించి, ఆ తరువాత గుత్తేదారు దగ్గర వసూలు చేసుకోవాలి. కూలీలు పనికి వెళ్లివచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, కొత్త కోడ్ లెక్కలోకి తీసుకుంటుంది. ఆటోల్లో, ట్రాక్టర్ ట్రాలీల్లో కిక్కిరిసి వెళ్లే మన కూలీలకు ఇది చాలా ముఖ్యమైన మార్పు.

మిల్లు సంగతి అలా ఉంటే, చేను సంగతి మరీ అన్యాయం. పురుగుమందు కొట్టే కూలీ కూడా 1923 చట్టం రెండో షెడ్యూలులోనే ఉన్నాడు. ఆ మాట గూడేల్లో ఎందరికి తెలుసు? పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది దవాఖానల పాలయ్యారు. ఇవతల ఒడ్డున కూడా అదే పంట, అవే మందులు. ముఖానికి తువాలు చుట్టుకొని, వీపున పంపు వేసుకొని పొద్దంతా చేన్లో తిరిగే కూలీకి ఏమైనా జరిగితే నాలుగెకరాల రైతు దగ్గర లక్షలు ఎక్కడివి? ఆ రైతును ముంచి కూలీని గట్టెక్కించమని మేం అడగడం లేదు. ఇక్కడ ప్రభుత్వమే ముందుకు రావాలి. 2018లో మొదలైన రైతు బీమా పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతు చనిపోతే ఆ కుటుంబానికి 5 లక్షలు ఇస్తోంది. అదే చేన్లో కూలి చేసేవాడికి పాసుపుస్తకం లేదన్న ఒక్క కారణంతో ఆ నీడ దక్కడం లేదు. వ్యవసాయ కూలీలకు ప్రమాద బీమా పెట్టి, ప్రీమియం రాష్ట్రమే కట్టాలి.

ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే మరోవైపు సింగరేణి ఉంది. అక్కడ 2024లో కార్మికులకు కోటి రూపాయల ప్రమాద బీమా వచ్చింది. గని కార్మికుడి వెనుక దశాబ్దాల యూనియన్ బలం ఉంది. అలాంటి బలం ఇక్కడా కావాలంటే హమాలీ సంఘాలూ జిన్నింగ్ కార్మికుల సంఘాలూ కూలి రేట్ల కోసం చేసే పోరాటంలో సగమైనా పరిహారం కేసుల మీద పెట్టాలి. సభ్యుడి పేరు హాజరు పట్టీలో ఉందో లేదో, జీతం ఎంత రాస్తున్నారో యూనియన్ ముందే చూసుకోవాలి. పట్టీలో పేరు లేకపోతే రేపు వాడు మా కూలీయే కాదంటారు.

ఉట్నూర్ ఏజెన్సీ గూడెం నుంచి ఒంటి చేత్తో ఆదిలాబాద్ దాకా వాయిదాలకు తిరగమంటే ఏ కూలీ తిరుగుతాడు? కేసులు వినే కార్మిక శాఖ అధికారి నెలకొకసారైనా ఉట్నూర్ రావాలి. ఐటీడీఏలో సోమవారం జరిగే ప్రజావాణిలోనే దరఖాస్తులు తీసుకోవాలి, గోండీ, కొలామీ, లంబాడీ తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టాలి. ఆదివాసీల రాయి సెంటర్ల పెద్దలైన సార్మేడీలకు, గూడెం పటేళ్లకు ఈ చట్టం గురించి చెబితే ఆ కబురు ప్రతి ఇంటికీ చేరుతుంది.

ఇప్పటికే వేలిముద్ర వేసిన కూలీలకు ఒక మాట. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు. ప్రమాదం జరిగి రెండేళ్లు దాటకపోతే ఇప్పుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. దాటినా, తగిన కారణం చూపితే స్వీకరించే అధికారం కార్మిక శాఖ అధికారికి ఉంది.