గుడ్డికంటే మెల్ల మేలేనా?

ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇంజన్ల చప్పుడు ఆగిపోతుంది. వందలాది మరబోట్లు జెట్టీలకు ఆనుకుని, ఒకదాని పక్కన ఒకటి కదలకుండా నిలబడతాయి. తెల్లవారుజామున వేలం కేకలుండవు. గంపలెత్తుకుని పరుగెత్తే అక్కలుండరు. జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్లూ మోటారు పడవలూ సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలం కనుక తూర్పు తీరమంతటా ఈ నిషేధం అమలవుతుంది. 2014 వరకు ఇది 47 రోజులుండేది. 2015 నుంచి 61 రోజులైంది.

నిషేధం మంచిదే. గుడ్లతో ఉన్న చేపను పడితే రేపటి పంటను నేడే తిన్నట్టు. ఆ సంగతి మనకంటే జాలరి సోదరులకే బాగా తెలుసు. కాబట్టి ఈ వ్యాసం నిషేధం మీద ఫిర్యాదు కాదు. నిషేధం వల్ల కలిగే మేలు అందరిదీ, దాని ఖరీదు మాత్రం కొందరిదీ కావడం మీద ఫిర్యాదు.

పాఠకులు ఒక్క క్షణం యోచించాలి. ఒక మనిషి తన పని తాను చేసుకుంటుంటే, "నలుగురి మేలు కోసం నువ్వు రెండు నెలలు పని మానుకో" అని సర్కారు ఆజ్ఞాపించింది. అతను మానుకున్నాడు. అప్పుడు అతనికిచ్చే సొమ్మును ఏమనాలి? దానమనాలా? బాకీ అనాలా? మన ఇంటి గోడ కోసం పొరుగువాడి స్థలం వాడుకుంటే ఇచ్చేది దానమని ఎవరూ అనరు. మరి జాలరి ఇంటికి వచ్చే నిషేధ భృతిని మాత్రం వేదికలెక్కి, బొమ్మలు అచ్చువేసి, దయతో ఇచ్చినట్టు ఎందుకిస్తున్నారు?

ఆ భృతి చరిత్ర చూడండి. ఒకప్పుడు కుటుంబానికి 4 వేల రూపాయలిచ్చేవారు. 61 రోజులకు పంచితే రోజుకు సుమారు 66 రూపాయలు. 2019లో వచ్చిన ప్రభుత్వం దానిని 10 వేలు చేసింది. అంటే రోజుకు 164. 2024 ఎన్నికల మేనిఫెస్టోలో 20 వేలన్నారు. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో సభ పెట్టి, దాదాపు 1.29 లక్షల కుటుంబాలకు సుమారు 258 కోట్లు జమ చేశారు. రోజుకు 328 రూపాయలు. అయిదుగురున్న ఇంట్లో మనిషికి 66 కూడా సరిగ్గా రావు.

పెరిగింది కదా అంటారు. నిజమే, పెరిగింది. పెంచిన ప్రతి ప్రభుత్వానికీ ఆ మేరకు కృతజ్ఞత చెప్పాలి. మంచి చేసినవాడు ఏ జెండా పట్టినా మంచి మంచే. కానీ పెరిగిన తీరు గమనించండి. నాలుగు, పది, ఇరవై. ఇవి బియ్యం ధరను బట్టో, కూలి రేటును బట్టో కట్టిన లెక్కలు కావు. ఎన్నికల వేలంలో పాడిన పాటలు. హార్బర్‌లో చేపల వేలం ఎలా సాగుతుందో పేదవాడి ఆకలి వేలం కూడా అలాగే సాగుతోంది. తేడా ఒక్కటే. చేపల వేలంలో పాట కొట్టేసినవాడు అక్కడికక్కడే లెక్క తేల్చాలి. ఈ వేలంలో పాడినవాడు ఎప్పుడు కడతాడో అతని ఇష్టం.

2019లో పది వేల పథకం మొదలుపెట్టింది నవంబర్ 21న. ఆ ఏటి నిషేధం జూన్ మధ్యలోనే ముగిసింది. 2023లో నిజాంపట్నం సభలో మీట నొక్కింది మే 16న. అప్పటికి నిషేధం మొదలై నెల దాటింది. ఆ నెల రోజులూ ఇల్లు ఎలా నడిచింది? అందరికీ తెలిసిన దారే. బోటు యజమాని దగ్గర బయానా, లేదా వడ్డీ వ్యాపారి దగ్గర చేబదులు. భృతి వచ్చేసరికి అందులో కొంత వడ్డీకి పోతుంది. వడ్డీ ఎంత పాపమో ఈ పేజీ చదివేవారికి చెప్పనవసరం లేదు. కానీ ఆకలితో ఉన్నవాణ్ణి వడ్డీ గుమ్మం దాకా నడిపించే ఆలస్యం ఎవరి పాపం?

ఇక రెండో సంగతి, జాబితా. మా దగ్గర చదువుకునే ఒక పిల్లవాడి తండ్రి హార్బర్‌లో ఐస్ దిమ్మెలు పగలగొట్టి పెట్టెల్లో నింపే కూలి. తల్లి చేపలు ఎండబెట్టి సంతకు తీసుకెళ్తుంది. బోటు కదలకపోతే ఐస్ అక్కర్లేదు, ఎండబెట్టడానికి చేపా లేదు. ఆమె ఒక ఆఫీసుకు వెళ్లి తమ పేరు రాయమని అడిగితే, "మీరు వేటకు వెళ్లేవాళ్లు కాదు గదమ్మా" అన్నారట. ఆమె తిరిగి వచ్చి నాతో ఒక్క మాటే అంది: "సార్, సముద్రానికి సెలవిచ్చారు, మా పొయ్యికి కూడా ఇచ్చారా?" నా దగ్గర జవాబు లేదు.

భృతి బోటెక్కేవారికే. సరంగుకు, కలాసీలకు. అదీ వారి పేరు బోటు లెక్కలోకి ఎక్కితేనే. వల కుట్టేవాడు, ఐస్ మోసేవాడు, గంప ఎత్తే ఆడకూతురు, ఇంజన్ బాగుచేసే మెకానిక్, చేపల ఆటో నడిపేవాడు, వీరెవరూ లెక్కలో లేరు. వీరిలో జాలరులున్నారు, దళితులున్నారు, మన ముస్లింలూ ఉన్నారు. "ఇది జాలరిపేట గొడవ, మనకెందుకు?" అనే పెద్దలు మనలో లేకపోలేదు. హార్బర్ దగ్గర నిలబడి పాతనగరం వైపు చూడండి. ఒక కొండ మీద గుడి, ఒక కొండ మీద చర్చి, ఒక కొండ మీద దర్గా పక్కపక్కనే కనిపిస్తాయి. మూడు కొండల కిందా ఉన్న పొయ్యిలు ఈ జెట్టీ మీదే ఆధారపడ్డాయి.

కేంద్రం ఇచ్చేదేదైనా ఉందా? ఉంది. వేట లేని నెలల కోసం పొదుపుతో కూడిన సాయం. మూడు నెలలకు మొత్తం 4,500 రూపాయలు. అందులో 1,500 జాలరి ముందుగా తన కష్టార్జితం నుంచి కట్టాలి. మిగతా మూడు వేలు ప్రభుత్వాలవి. నెలకు వెయ్యి రూపాయల సాయానికి ఇంత పెద్ద పేరు!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పేదల పక్షమని చెప్పుకునే నాయకులు, మేధావులు, సంఘాలవారు మన దేశంలో తక్కువేమీ లేరు. మరి ప్రతిసారీ సగంలో ఎందుకు ఆగిపోతున్నారు? ఒక ఉదాహరణ చాలు. 2004లో కేంద్ర ప్రభుత్వం అసంఘటిత రంగం మీద అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన ఒక జాతీయ కమిషన్ వేసింది. దేశంలో 77 శాతం మంది రోజుకు 20 రూపాయల లోపు ఖర్చుతో బతుకుతున్నారని 2007లో లోకానికి చెప్పింది ఆ కమిషనే. ప్రతి అసంఘటిత కార్మికుడికీ వైద్యం, ప్రసూతి సాయం, బీమా, వృద్ధాప్య పింఛను కనీస హక్కుగా చట్టం చేయమని సిఫారసు చేసింది. అప్పటి ప్రభుత్వం వామపక్షాల మద్దతుతో నడుస్తోంది. ఇంతకంటే అనువైన కాలం ఎప్పుడొస్తుంది?

ఏమైంది? 2008 జూలైలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి, కానీ అణు ఒప్పందం మీద. ఆ డిసెంబరులో అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం వచ్చింది. పేరు ఘనమైనదే. లోపల బోర్డులున్నాయి, నమోదు ఉంది, పాత పథకాల పట్టిక ఉంది, అందులో మత్స్యకారుల సంక్షేమ పథకం పేరూ ఉంది. ఇంత ఇస్తామన్న హామీ మాత్రం లేదు. "ఏమీ లేనిదానికంటే ఇది నయం, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత 2020లో సామాజిక భద్రత కోడ్ వచ్చి ఆ చట్టాన్నే తనలో కలిపేసుకుంది. 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులోనూ పథకాలు "రూపొందించవచ్చు" అనే మాటలే ఎక్కువ. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 30 కోట్ల మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. కార్డు జేబులో ఉంది. ఆ కార్డు చూపిస్తే నిషేధ కాలంలో కిలో బియ్యం ఇచ్చే కొట్టు ఎక్కడుందో చెప్పండి!

గుడ్డికంటే మెల్ల మేలని మన పెద్దలు అన్నారు. ఒప్పుకుందాం. ఆకలిగా ఉన్నవాడి ముందు పెట్టిన పిడికెడు మెతుకులను "నిండు విస్తరి కాదు" అని తోసేయమనే హక్కు కడుపు నిండిన మనకు లేదు. రాజకీయంలో రాజీ తప్పదన్న వాదనలో నిజముంది. కానీ రాజీలో రెండు రకాలున్నాయి. ఒకటి, మెట్టెక్కి కాలు నిలదొక్కుకుని పై మెట్టు వైపు చూసేది. రెండోది, మొదటి మెట్టు మీదే చాప పరుచుకుని పడుకునేది. మన నాయకులు చేసేది ఏ రకమో చూసుకోవాలి.

తేడా ఎలా తెలుస్తుందంటారా? బియ్యం కథ చెబుతుంది. 1983లో మన రాష్ట్రంలో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. అది పథకమే కాని హక్కు కాదు. అందుకే 1996లో 3 రూపాయల 50 పైసలు చేయడానికి ఒక నిర్ణయం సరిపోయింది. 2008లో మళ్లీ 2 రూపాయలైంది, 2011లో రూపాయి అయింది. పాలకుల మనసును బట్టి పేదవాడి పళ్లెం ధర మారింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చాకే బియ్యం అడగడం హక్కయింది. చట్టం కూడా శాశ్వతం కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది. అయినా చట్టాన్ని మార్చాలంటే సభకు రావాలి, దేశం చూస్తుండగా చేయెత్తాలి. పథకాన్ని మార్చాలంటే తలుపులేసుకుని ఒక సంతకం పెడితే చాలు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి ఒక సంఘటన మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. పాలు మాన్పించిన పిల్లలకు బైతుల్ మాల్ నుంచి భృతి ఇవ్వాలని ఆయన నియమం పెట్టారు. ఒక రాత్రి మదీనా బయట బిడారు దిగితే కాపలా కాస్తుండగా ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. రెండు మూడు సార్లు వెళ్లి తల్లిని మందలించారు. చివరికి ఆమె చెప్పింది, ఆయనెవరో తెలియకుండానే, భృతి కోసం బిడ్డకు తొందరగా పాలు మాన్పిస్తున్నానని. ఆ తెల్లవారి నమాజులో ఆయన కన్నీళ్లకు ఖుర్ఆన్ పఠనం జనానికి సరిగా వినబడలేదని చరిత్రకారులు రాశారు. అదే రోజు ఆజ్ఞ మార్చారు. బిడ్డ పుట్టినప్పటి నుంచే భృతి.

ఇందులో మన పాలకులకు పాఠముంది. ఉమర్ (రజి) భృతి ఇవ్వనివారు కాదు, ఇచ్చేవారే. తప్పు ఇవ్వకపోవడంలో లేదు, ఇవ్వడానికి గీసిన గీతలో ఉంది. ఆ గీత అవతల ఏడుస్తున్న బిడ్డ గొంతు విని, తప్పు నాదేనని ఒప్పుకుని, గీత చెరిపేశారు. హార్బర్‌లో ఐస్ కూలి భార్య గొంతు వినడానికి రాత్రి గస్తీ తిరిగేవారెవరు?

మన కోరికలు గొంతెమ్మ కోరికలు కావు. ఒకటి, 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపలవేట చట్టానికి సవరణ తెచ్చి, నిషేధం ఎంత తప్పనిసరో భృతి కూడా అంత తప్పనిసరి అని రాయాలి. రెండు, సభ ఎప్పుడు జరిగినా జరగకపోయినా సొమ్ము ఏప్రిల్ 15కు ముందే ఖాతాలో పడాలి. మూడు, ఒడ్డు మీద పనిచేసే స్త్రీపురుషుల పేర్లు వేరే జాబితాగా రాయాలి, ఆ జాబితా జెట్టీ దగ్గర అందరూ చదివేలా అంటించాలి. నాలుగు, కనీస కూలి పెరిగినప్పుడల్లా భృతి కూడా దానంతట అదే పెరగాలి. అప్పుడు ఎన్నికల వేలం పాట అవసరముండదు.

మనం చేయవలసిందీ ఉంది. జకాత్ తీసుకునేవాడి ముందు తల ఎత్తుకుని నిలబడకూడదని మనకు నేర్పారు. ఎందుకంటే అది మన దయ కాదు, మన సంపదలో అతని వాటా. పాలకుల నుంచి కోరేది కూడా అదే మర్యాద. ఈసారి నిషేధానికి ముందే మసీదు కమిటీల వారు, సంఘాల వారు హార్బర్ పనుల మీద బతికే కుటుంబాల పేర్లు, మతం చూడకుండా, రాయించి అధికారులకు ఇవ్వాలి. ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ "ఎంత ఇస్తారు?" అని కాక, "చట్టం చేస్తారా?" అని అడగాలి.

1966లో ఈ నగరం ఉక్కు కోసం రోడ్డెక్కినప్పుడు అది ఆంధ్రుల హక్కు అని నినదించింది. దయచేసి ఇవ్వమని అడగలేదు. ఆ 'హక్కు' అనే మాట అరబీ నుంచి, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. మనం ఇంట్లో 'హఖ్' అంటాం, వీధిలో 'హక్కు' అంటాం. మాట ఇన్ని శతాబ్దాల కిందటే ఒడ్డు చేరింది. ఆ మాటకు తగిన చట్టం మాత్రం ఇంకా రేవులోకి రాలేదు. వచ్చేదాకా దొరికింది తీసుకుందాం. ఇంతే చాలని మాత్రం ఎవరి తరఫునా సంతకం పెట్టకూడదు.