జంటమాట లేని మాట

ఆటోనగర్‌లో మా స్కూటరు బాగుచేసే మేస్త్రీ తల్లి ఆ మధ్య నాతో, “కోడలు గొడ్రాలు బాబూ! ఆరేళ్ళయింది. వాడికి ఇంకో సంబంధం చూడాలి” అంది. అబ్బాయికి పరీక్ష చేయించారా అని అడిగాను. “వాడికేం, రాయిలా ఉన్నాడు!” అంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నా బుద్ధి మాట మీదికి పోయింది. ఆడదానికి ‘గొడ్రాలు’ ఉంది. మగవాడికి దాని జంటమాట వాడుకలో లేదు. నపుంసకుడంటే వేరు. ఒళ్ళు రాయిలా ఉండి, వీర్యకణాలు లేనివాడికి మనవాళ్ళు పేరే పెట్టలేదు. పేరు లేని లోపానికి పరీక్షకెవరు వెళతారు?

రెనీ రేయో పెరా అనే అమెరికా శాస్త్రవేత్త తన ఉద్యోగ జీవితాన్ని ఆ పేరులేని చోటే మొదలుపెట్టింది. మసాచుసెట్స్‌లోని వైట్‌హెడ్ సంస్థలో, డేవిడ్ పేజ్ ప్రయోగశాలలో, వీర్యకణాలు బొత్తిగా లేని 89 మంది మగవారిని పరీక్షించారు. వారిలో 12 మందికి వై క్రోమోజోములో ఒకే చోట ముక్క లోపించింది. అక్కడ ఉండవలసిన జన్యువుకు ‘డాజ్’ అని పేరుపెట్టి 1995లో ప్రకటించారు. తండ్రికి ఉన్న ముక్కే కొడుకు దగ్గరికి వచ్చేసరికి జారిపోయింది! ఇందులో కోడలి జాతకం ఎక్కడుంది?

ఇది దొరల దేశపు జబ్బు అనుకోనక్కరలేదు. మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో తంగరాజ్, ఆయన సహచరులు ఇలాంటివారినే 340 మందిని పరీక్షించి, 29 మందిలో వై క్రోమోజోము ముక్కలు లోపించాయని 2003లో వెల్లడించారు.

రెనీ అక్కడితో ఆగలేదు. లేనిదేదో తెలిసింది, దాన్ని పుట్టించగలమా అని మూలకణాల వైపు తిరిగింది. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో ఆమె బృందం పిండ మూలకణాలను వీర్యకణాల దారిలో చాలా దూరం నడిపించింది. 2014లో ఆ ముక్క లోపించిన మగవారి చర్మకణాలనే మూలకణాలుగా మార్చి, ఎలుకల వృషణాలలో ఉంచి చూశారు. బీజకణాల తొలిరూపాలు కొద్దిగా వచ్చాయి. పూర్తి వీర్యకణం రాలేదు. ఈ దారిన ఇంతవరకు ఏ ఇంటా ఉయ్యాల ఊగలేదు. మూలకణాలతో సంతానమిస్తామనే ప్రకటన కనబడితే డబ్బు సంచి గట్టిగా పట్టుకోండి.

మొదటి పరీక్షకు మాత్రం స్టాన్‌ఫర్డూ అక్కరలేదు, హైదరాబాదూ అక్కరలేదు. రెండు నుంచి ఏడు రోజులు నియమంగా ఉండి, ఊళ్ళోని లాబొరేటరీకి వెళితే సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు. తేడా కనిపిస్తే మరోసారి చూస్తారు. కోతా లేదు, మత్తుమందూ లేదు. ఆడవారికి చేసే పరీక్షలు ఇంత సులువు కావు. కనుక ముందు వెళ్ళవలసింది అబ్బాయి.