మ్యాక్ లేకున్నా మ్యాక్‌పై టెస్ట్ చేయొచ్చు!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... మీరెక్కడ చదివినా సరే. ల్యాబ్‌లోని ఉబుంటులో మీ టెస్ట్ స్క్రిప్ట్ పాసైందనుకోండి, పని అయిపోయినట్టేనా? కాదు. దాన్ని పరిశీలించేవారి దగ్గర మ్యాక్ ఉంటే ఫెయిల్ కావచ్చు.

ఫైల్‌లో పదాలు మార్చే ‘సెడ్’నే తీసుకోండి. లైనక్స్‌లోని గ్నూ సెడ్‌కు ‘మైనస్ ఐ’ ఒక్కటిస్తే చాలు. మ్యాక్‌లోని బీఎస్‌డీ సెడ్‌కు ఆ తర్వాత బ్యాకప్ ఫైల్ ఎక్స్‌టెన్షన్ కూడా చెప్పాలి. బ్యాకప్ వద్దంటే ఖాళీ కోట్స్ పెట్టాలి. లేదంటే మీరిచ్చిన కమాండ్‌నే ఎక్స్‌టెన్షన్ అనుకుని తికమకపడుతుంది. ‘డేట్’తో నిన్నటి తేదీ కావాలన్నా ఇదే గొడవ: లైనక్స్‌లో ‘మైనస్ డి’, మ్యాక్‌లో ‘మైనస్ వి’.

ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చూసి ఇఫ్ కండిషన్ పెట్టడం చాలామంది చేసే పని. నా దృష్టిలో అది పొరపాటు. మ్యాక్‌లో గ్నూ టూల్స్ వేసుకునేవారూ ఉంటారు కదా! పేరు కాదు, ఆప్షన్ పనిచేస్తుందో లేదో చూడండి. అసలు దాని జోలికే పోకుండా, ఫలితాన్ని తాత్కాలిక ఫైల్‌లో రాసి పేరు మార్చేస్తే ఇంకా మేలు.

మ్యాక్ కొనలేమని దిగులొద్దు. గిట్‌హబ్ యాక్షన్స్‌లో పబ్లిక్ ప్రాజెక్టుల టెస్టులను మ్యాక్ మెషీన్లపైనా ఉచితంగా నడపొచ్చు. రెజ్యూమెలో ‘లైనక్స్ తెలుసు’ అన్న మాటకన్నా, రెండింటిపైనా పాసైన చిన్న ప్రాజెక్టుకే విలువెక్కువ.