మట్టి లెక్క సరే, నీళ్ల లెక్క ఏదీ?

ఊరికి ఆవల, పంటకు పనికిరాని మెరక మీద మన తాతల్ని ఉంచారు. ఇవాళ ఆ మెరకకే గిరాకీ వచ్చింది. రోడ్డుకి గ్రావెల్ కావాలి, లేఅవుట్‌కి గ్రావెల్ కావాలి. పేట పక్కనే రాత్రీ పగలూ పొక్లెయిన్ తవ్వుతోంది. పది అడుగులన్నది ముప్పై అయింది. గుంటలో ఊట పడింది. ఊట పడితే ఆగాలి కదా? ఆగలేదు. ఇంజను పెట్టి నీళ్లు బయటికి తోడి మరీ తవ్వారు. ఆ ఎండాకాలం మా పేట చేతిబోరింగు ఎండిపోయింది. మన ఆడవాళ్లు బిందెలతో ఎవరి చేలో బోరు దగ్గరికి వెళ్లారో, ఏ మాటలు పడ్డారో మేం రాయనక్కర్లేదు. మీకు తెలియనిది కాదు.

గ్రావెల్ పొర వాన నీటిని పీల్చి, వడకట్టి, కిందికి దించే జల్లెడ లాంటిది. ఆ పొర తీసేస్తే అడుగు నీరు ఎండకి ఆవిరవుతుంది. డీజిలు, నూనె, చెత్త నేరుగా నీళ్లలో కలుస్తాయి. గుంటలో నీళ్లు తోడేకొద్దీ చుట్టుపక్కల బావుల నీరు అటు జారుతుంది. పైన ఊరికో బావి, వాడకో బావి పెట్టారు గానీ భూమి అడుగున నీళ్లకి ఆ తేడా లేదు. రేపు ఊరి బోర్లూ ఎండుతాయి. ముందు ఎండేది మాత్రం లోతు తక్కువైన మన బోరింగే.

"గుంట ఆపితే మా కూలి ఎవరిస్తారు?" అని అక్కడ పనిచేసే తమ్ముళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. పొక్లెయిన్ వచ్చాక మన కూలి ఎంత మిగిలిందో కూడా లెక్కేయండి తమ్ముళ్లూ. మేం గుంట మూసేయమనడం లేదు. నీటి మట్టానికి కొన్ని అడుగుల పైనే తవ్వకం ఆపాలి. దుమ్ము అణచడానికి పేట బోరు నీళ్లు పట్టుకెళ్లకూడదు, గుంటలో నిలిచిన వాననీరే వాడాలి. గ్రావెల్ కడిగిన నీళ్లు తేరనిచ్చి మళ్లీ వాడాలి. డీజిలు పీపాలు గుంటలో పెట్టకూడదు. పని అయ్యాక గుంటని చెత్తకుప్ప చేయకూడదు. పిల్లలు పడి చావకుండా చుట్టూ కంచె వేయాలి.

ఇది ఎవరి దయా కాదు, చట్టం. 5 హెక్టార్ల లోపు లీజుకైనా పర్యావరణ అనుమతి ఉండాలని 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు చెప్పింది. భూగర్భ జలాన్ని కాపాడటానికే 2002లో వాల్టా చట్టం వచ్చింది. దళితులు వాడుకునే నీటిని దళితేతరులు పాడుచేస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మన బావిలో డీజిలు కలిపినవాణ్ణి ఏదో పొరపాటన్నట్టు వదిలేస్తున్నాం. అక్కడే మోసపోతున్నాం.

1927లో అంబేద్కర్ మహద్ చెరువులో దోసెడు నీళ్లు తాగితే దేశం అదిరింది. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువుని పాడుచేయొద్దని అడిగినందుకు మనవాళ్లపై దాడి జరిగింది, ఆరుగురు ప్రాణాలు పోయాయి. అప్పుడు కళ్లముందున్న నీళ్లు మనకి కాకుండా చేశారు. ఇప్పుడు కంటికి కనబడని నీళ్లనే తోడేస్తున్నారు.

కనబడని నీళ్లకి సాక్ష్యం కావాలి. తాడుకి రాయి కట్టండి. నెలకోసారి, తెల్లవారి ఎవరూ తోడకముందే, పేట బావిలో నీరు ఎన్ని అడుగుల్లో ఉందో కొలవండి. వానలకి ముందు మే నెలలో, వానలయ్యాక నవంబరులో తప్పకుండా కొలవండి. తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. ఐదో తరగతి పిల్లలు చాలు ఈ పనికి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి లీజు కాగితం, అనుమతి కాగితం తీసుకోండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఎంత లోతు రాశారు, ఎంత తవ్వారు? రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి.

లారీకి ఇంతని మట్టి లెక్క వాళ్ల దగ్గర పైసల్తో సహా ఉంది. నీళ్ల లెక్క మన చేతిలో ఉండాలి. వచ్చే నెల గ్రామసభకి నోటుబుక్కు లేకుండా ఏ పేటా వెళ్లొద్దు.

జై భీమ్!