మనసు వినేవారికి అర్హత ఏది?

విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో సరిపెట్టకుండా దేశంలోని బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లన్నిటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన చట్టం వచ్చేదాకా అవి అందరూ పాటించి తీరాల్సినవే. వాటిలో ఒకదాని ప్రకారం, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలి. ఆ వ్యక్తికి పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉందని రుజువు ఉండాలి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెబుతోంది. కాబట్టి ఈ ఆదేశం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. అయితే దాన్ని అమలు చేయబోయే ప్రిన్సిపాల్‌కు మొదట ఎదురయ్యే ప్రశ్నకు మన దగ్గర సూటి జవాబు లేదు. సైకాలజిస్టు అంటే ఎవరు? ఏం చదివి, ఎంతకాలం ఎవరి దగ్గర నేర్చుకుంటే ఆ పేరు పెట్టుకునే హక్కు వస్తుంది? నా దృష్టిలో ఈ అర్హతను తేల్చాల్సింది డిగ్రీల సంఖ్య కాదు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మనుషులతో పనిచేసిన కాలమే దానికి కొలత కావాలి. ఆ కొలతకు చట్టబద్ధత ఇచ్చి, అది దాటినవారికే ఆ పేరు దక్కేలా చేయాలి.

ప్రస్తుతం మన దేశంలో ఈ రంగం రెండు అంచుల మధ్య నడుస్తోంది. ఒక అంచున క్లినికల్ సైకాలజిస్టులున్నారు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం వారి పేరు కేంద్ర రిజిస్టర్‌లో నమోదు కావాలి. అందుకు ఇన్నేళ్లూ ప్రధాన మార్గం సైకాలజీలో ఎం.ఏ. లేదా ఎమ్మెస్సీ తర్వాత మండలి గుర్తింపు ఉన్న సంస్థలో రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. పేరుకు అది విశ్వవిద్యాలయ పట్టానే అయినా అసలు చదువు సాగేది ఆస్పత్రి వార్డులో, ఓపీలో, రోగుల ఎదుట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా పర్యవేక్షణలో జరిగిన క్లినికల్ శిక్షణను క్లినికల్ సైకాలజిస్టు నిర్వచనంలోనే చేర్చింది. రెండో అంచున మిగతావారంతా ఉన్నారు. సైకాలజిస్టు, కౌన్సెలర్, థెరపిస్టు అన్న మాటలకు క్లినికల్ అన్న విశేషణం లేకపోతే వాటిని ఎవరు పెట్టుకున్నా ఆచరణలో అడిగేవారు లేరు. ఎం.ఏ. చదివి ఒక్క బాధితుడితోనూ మాట్లాడనివారికీ, వారాంతపు కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవారికీ, ఏళ్ల తరబడి నిజాయతీగా పనిచేసి నేర్చుకున్నవారికీ ఒకటే బోర్డు. సాయం కోసం వచ్చిన మనిషికి వారి మధ్య తేడా తెలిసే దారి లేదు. నమోదు లేకుండా వృత్తి చేసినవారికి 1992 చట్టం పెట్టిన శిక్ష ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాకు ఈరోజుల్లో భయపడేవారు ఉండరు.

ఈ ఖాళీని పూరించే అవకాశం చట్టంలో లేకపోలేదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం క్లినికల్ కాని సైకాలజిస్టులను కూడా ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల విభాగంలో చేర్చింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడికి కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలంది. రాష్ట్ర మండళ్లు, రిజిస్టర్లు ఏర్పాటు చేయాలంది. కానీ ఆ వ్యవస్థ ఇంకా పూర్తిగా పట్టాలెక్కలేదు. ఈలోగా రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదంటూ యూజీసీ 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీకీ ఆ దారి మూసింది. అంతకుముందే, 2022 నవంబరు నిబంధనలతో ఎం.ఫిల్ పట్టాకే స్వస్తి పలికింది. క్లినికల్ సైకాలజీకి అదే ప్రధాన ద్వారమన్న ఆందోళన వచ్చాక 2024 జనవరిలో ఆ కోర్సుకు 2025-26 విద్యాసంవత్సరం వరకు గడువు పొడిగించింది. మొదటి నిర్ణయం సరైనదే. రెండోది మాత్రం కొత్త మెట్లు కట్టకముందే పాత మెట్లు తీసేసినట్టయింది. ఏ చదువు చెల్లదో చెప్పినంత స్పష్టంగా ఏ శిక్షణ కావాలో చెప్పకపోవడమే ఇక్కడి లోపం.

శిక్షణకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఈ వృత్తిలో తప్పులు బయటికి కనిపించవు. నిద్ర పట్టడం లేదని, చదివింది గుర్తుండటం లేదని ఇంటర్ విద్యార్థి వచ్చి కూర్చుంటే కారణం పరీక్ష భయం కావచ్చు, కుంగుబాటు కావచ్చు. థైరాయిడ్ లోపమో, రక్తహీనతో కావచ్చు. తీవ్రమైన మానసిక వ్యాధికి తొలి సూచన కావచ్చు. ఇంట్లోనో హాస్టల్‌లోనో జరుగుతున్న లైంగిక వేధింపూ కావచ్చు. ఒక్కోదానికి దారి వేరు. కొన్నిటికి మాట చాలు, కొన్నిటికి వెంటనే సైకియాట్రిస్టు కావాలి. వేధింపు అని తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. అక్కడ గోప్యత పేరుతో మౌనంగా ఉండటం నేరం. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే ఆ ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ సంగతి పుస్తకంలో చదవడానికి ఒక్క నిమిషం చాలు. ఏడుస్తున్న పిల్లవాడి ఎదుట తడబడకుండా ఆ ప్రశ్న అడిగి, జవాబు విని, ఆ తర్వాతి గంటలో ఏం చేయాలో తేల్చుకోవడం మాత్రం గురువు పక్కన ఉండి దిద్దితేనే వస్తుంది. మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా నమోదు కావాలంటే డి.ఫార్మసీ చదివినవారు 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ పూర్తి చేయాలి. మాత్ర అందించే చేతికి ఆ నియమం పెట్టినవాళ్లం, బతుకు మీద విరక్తి కలిగిన పిల్లవాడి మాట వినే మనిషికి ఏ నియమమూ పెట్టకపోవడం సమర్థించుకోలేని విషయం.

తెలుగు రాష్ట్రాలకు ఈ శిక్షణ మరో కారణంతోనూ అవసరం. మన విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ పాఠాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే సాగుతాయి. బాధ మాత్రం తెలుగులో వస్తుంది. గాబరాగా ఉందని, గుండె దడదడలాడుతోందని, తల దిమ్ముగా ఉందని, ఒళ్లంతా మంటలని, దేని మీదా మనసు పోవడం లేదని చెబుతారే తప్ప డిప్రెషన్ అనీ యాంగ్జైటీ అనీ ఎవరూ పాఠ్యపుస్తకంలోలా చెప్పరు. శ్రీకాకుళం తల్లి వాడే మాట ఆదిలాబాద్ తండ్రి వాడడు. నీరసం అన్న ఒక్క మాట వెనక ఒంటి బలహీనత ఉందో, బతుకు మీద ఆశ సడలడం ఉందో పట్టుకోవడం ఒక నైపుణ్యం. పరీక్షల విషయంలోనూ అంతే. తెలివితేటలను, అభ్యసన లోపాలను కొలిచే పరికరాలను తెలుగులోకి అనువదించినంత మాత్రాన సరిపోదు. వాటి మార్కులను మన పిల్లల ప్రమాణాలతో పోల్చాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన లోపాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది. ఆ అంచనా తప్పితే పరీక్షలో అదనపు సమయం అందాల్సిన బిడ్డకు మొద్దు అన్న ముద్ర పడుతుంది. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆస్పత్రుల్లో, సికింద్రాబాద్‌లోని జాతీయ మేధోవైకల్య సంస్థలో రోజూ తెలుగు కుటుంబాలు వరుసలో కూర్చుంటాయి. అలాంటి చోట్ల నేర్చుకున్నవారికి అబ్బే చెవి తరగతి గదిలో అబ్బదు.

ఇతర దేశాలు ఈ సమస్యను ఎలా తేల్చుకున్నాయో చూడటం మేలు. ఆస్ట్రేలియాలో 2010 నుంచి దేశమంతటికీ ఒకే రిజిస్ట్రేషన్. సైకాలజిస్టు అన్న మాటకే చట్టరక్షణ ఉంది. నమోదు కావడానికి కనీసం ఆరేళ్లు పడుతుంది. నాలుగేళ్ల గుర్తింపు పొందిన చదువు తర్వాత రెండేళ్ల మాస్టర్స్ చేయవచ్చు, లేదా ఏడాది వృత్తి మాస్టర్స్, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్ చేయవచ్చు. నాలుగేళ్లు చదివి నేరుగా ఉద్యోగంలో రెండేళ్లు నేర్చుకునే పాత దారికి 2022లో కొత్త ప్రవేశాలు ఆపేశారు. శిక్షణ భారమంతా ఒక్క పర్యవేక్షకుడి మీద వదిలేయరాదని, విశ్వవిద్యాలయం కూడా బాధ్యత పంచుకోవాలని ఆ మార్పును బట్టి నేర్చుకోవచ్చు. నమోదయ్యాక కూడా ఏటా 30 గంటలు నేర్చుకుంటూనే ఉండాలి. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడాలనుకునే మన సైకాలజీ పట్టభద్రులు తమ చదువు అక్కడి ప్రమాణాలకు సమానమని చూపాలి. ఇక్కడ శిక్షణ లేని లోటు అక్కడ తేటతెల్లమవుతుంది. బ్రిటన్ 2009లో క్లినికల్ సైకాలజిస్టు, కౌన్సెలింగ్ సైకాలజిస్టు వంటి పేర్లకు రక్షణ కల్పించి, వట్టి సైకాలజిస్టు అన్న మాటను వదిలేసింది. ఆ సందు మన దగ్గరి సందు లాంటిదే. విశేషణాలకు కాపలా పెట్టి అసలు పేరును వదిలేస్తే సామాన్యుడికి రక్షణ దక్కదు.

శిక్షణను తప్పనిసరి చేయాలన్న వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనది. నిమ్హాన్స్ నేతృత్వంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవారిలో 10.6 శాతం మంది మానసిక సమస్యలతో ఉన్నారని తేల్చింది. వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా చెప్పింది. ఇంత కరవులో కొత్త షరతులు పెడితే ఉన్న కాసింత సాయమూ పోతుందన్నది ఆ వాదన. దానికి ఆధారంగా గోవాలో మానసిక ఆరోగ్య పరిశోధకుడు విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనాలను చూపుతారు. 2010లో, మళ్లీ 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, సైకాలజీ పట్టాలు లేని మామూలు మనుషులు కొద్దికాలం శిక్షణ పొంది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కుంగుబాటు బాధితులకు మేలు చేయగలిగారు. ఆ ఫలితాలను నేనూ అంగీకరిస్తాను, గౌరవిస్తాను. కానీ వాటిలో గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. ఆ కౌన్సెలర్లను ఒంటరిగా వదిలేయలేదు. ఏం చేయాలో రాసిపెట్టిన పద్ధతి ఉంది. చేసిన పనిని క్రమం తప్పక సమీక్షించే ఏర్పాటు ఉంది. చేయి దాటిన కేసును పంపడానికి వెనక నిపుణులున్నారు. అంటే ఆ విజయం శిక్షణ అక్కర్లేదని చాటడం లేదు, పర్యవేక్షణ ఉంటే ఎంత సాధించవచ్చో చెబుతోంది. ఆశా కార్యకర్తల స్థాయిలో అలాంటివారు వేల మంది కావాలి. వారిని సమీక్షించడానికి నిజంగా శిక్షణ పొందిన సైకాలజిస్టులు కావాలి. పై మెట్టు గట్టిగా లేకుండా కింది మెట్టు నిలవదు.

రెండో అభ్యంతరం ఖర్చు గురించి. ఎం.ఏ. తర్వాత మరో ఏడాదో రెండేళ్లో శిక్షణ అంటే డబ్బున్న ఇళ్ల పిల్లలకే ఈ వృత్తి పరిమితమవుతుందని, పెళ్లి ఒత్తిడి మధ్య చదువుకునే అమ్మాయిలు మధ్యలోనే ఆగిపోతారని అంటారు. ఇందులో నిజం ఉంది. ప్రైవేటు సంస్థల్లో ఈ కోర్సుల ఫీజులు లక్షల్లో ఉన్నాయి, ప్రభుత్వ సీట్లు కొన్నే. అయితే దీనికి పరిష్కారం శిక్షణను తీసేయడం కాదు, శిక్షణలో ఉన్నవారికి జీతం ఇవ్వడం. ఇంగ్లండ్‌లో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ మూడేళ్లూ అభ్యర్థులు జాతీయ ఆరోగ్య సేవలో ఉద్యోగులుగా జీతం తీసుకుంటూ నేర్చుకుంటారు. మన ఎంబీబీఎస్ విద్యార్థులకు ఏడాది హౌస్ సర్జన్ కాలంలో స్టైపెండ్ ఇస్తున్నాం. ఎం.ఏ. సైకాలజీ పూర్తిచేసినవారికి అదే పద్ధతిలో ఏడాది ఇంటర్న్‌షిప్‌ను జిల్లా ఆస్పత్రుల్లో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, గురుకులాల్లో, జూనియర్ కాలేజీల్లో పెట్టవచ్చు. కోర్టు ఆదేశంతో ఎలాగూ కౌన్సెలర్లను వెతుక్కుంటున్న సంస్థలకు చేతులు దొరుకుతాయి, నేర్చుకునేవారికి పని దొరుకుతుంది. సీనియర్ క్లినికల్ సైకాలజిస్టుకు ఇంతమంది ఇంటర్న్‌ల పర్యవేక్షణ అని లెక్కగట్టి, ఆ పనికి విడిగా పారితోషికం ఇవ్వాలి. అది లేకుంటే పర్యవేక్షణ సంతకాల తంతుగా మిగిలిపోతుంది.

మూడో అభ్యంతరం మన సంస్కృతి నుంచి వస్తుంది. పెద్దల మాట, స్నేహితుడి భుజం, ఊళ్లో నమ్మకస్తుడి సలహా తరతరాలుగా మనల్ని నిలబెట్టాయి కదా, మనసు విప్పి మాట్లాడటానికి లైసెన్సు ఎందుకు అంటారు. ఆ ఆదరణకు ఏ చట్టమూ అడ్డు రాకూడదు. నేను కోరుతున్న నియంత్రణ ఓదార్పు మీద కాదు. డబ్బు తీసుకుని, నిపుణుడినని చెప్పుకుని, వ్యాధి నిర్ధారణ చేసి, పిల్లల భవిష్యత్తుపై నివేదిక రాసే అధికారం మీద. ఇప్పటికే ఈ రంగంలో ఉన్న వేల మంది కౌన్సెలర్లను ఒక్క జీవోతో రోడ్డున పడేయమనీ అనడం లేదు. వారికి నిర్ణీత గడువిచ్చి, చేసిన పనికి ఆధారాలు చూపి, లోటున్న మేరకు పర్యవేక్షణలో శిక్షణ పూర్తిచేసి, పరీక్ష రాసి నమోదయ్యే దారి కల్పించాలి. నిజాయతీగా పనిచేసేవారికి ఈ రిజిస్టర్ రక్షణ కూడా. అర్హత లేనివారితో కలిపి తమను తూచడం వల్ల ఎక్కువ నష్టపోతున్నది వారే.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చేయాల్సిన పని స్పష్టమే. 2021 చట్టం కింద రాష్ట్ర మండళ్లను పూర్తిస్థాయిలో నడపాలి. ఎం.ఏ.తో పాటు ఏడాది పర్యవేక్షిత శిక్షణ, అందులో తెలుగులో చేసిన కేసుల సమీక్ష, చివర ఒక అర్హత పరీక్షను నమోదుకు షరతుగా పెట్టమని కేంద్ర కమిషన్‌ను కోరాలి. నమోదైనవారి పేర్లు ఫోన్‌లో ఎవరైనా చూసుకునేలా తెలుగులో ఉంచాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరును కాలేజీ గోడ మీద రాసినట్టే కౌన్సెలర్ గది తలుపు మీద ఆ వ్యక్తి రిజిస్ట్రేషన్ నంబరు రాయాలి. వంద మంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో ఒకరిని పెట్టమని కోర్టు చెప్పింది. ఆ కుర్చీలో శిక్షణ లేని మనిషి కూర్చుంటే జరిగే నష్టం ఖాళీ కుర్చీతో జరిగేదానికన్నా పెద్దది. ఖాళీగా ఉంటే సాయం లేదని తల్లిదండ్రులకు తెలుస్తుంది, మరో చోట వెతుకుతారు. మనిషి ఉంటే బిడ్డను నమ్మి అప్పగిస్తారు. ఆ నమ్మకం వెనక శిక్షణ ఉండేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత.