వేడినీటి రంగులు

పిల్లలూ! ఆలూరు వైపు వాళ్ళకు నల్లరేగడి సంగతి చెప్పనక్కరలేదు. ఎండలు ముదరగానే నేల నెర్రెలు విచ్చి పలకలు పలకలుగా విడిపోతుంది. ఎండిన చెరువులో ఆ గీతలు చూడండి, ఎవరో ఓపిగ్గా కూర్చుని ముగ్గు వేసినట్టుంటాయి. తడి ఆరి నేల కుంచించుకుపోతుంది, అందుకని పగులుతుంది.

ఇటువంటి చిత్రాలే రంగులు పూసుకుని, భూమిలోని వేడి పైకి వచ్చే చోట్ల కనిపిస్తాయి. మన తెలుగునాట భద్రాచలం దగ్గర గుండాల వద్ద గోదావరి ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. లదాఖులోని పూగా లోయలో వేడినీరు ఉబికివచ్చి నేలమీద గంధకాన్నీ, వెలిగారాన్నీ పేరబెడుతుంది.

కాని రంగులంటే అమెరికాలోని ఎల్లోస్టోన్‌వే! అక్కడ గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే మడుగు వెడల్పు ఇంచుమించు 100 మీటర్లు. నడుమ నీలం, అంచుల్లో పసుపు, నారింజ, ఇటుకరంగు. అవి రాళ్ళ రంగులనుకుంటున్నారా? కావు, ప్రాణులవి! నడుమ నీరు మరీ వేడి. రంగుగల సూక్ష్మజీవులు అక్కడ బతకలేవు గనుక లోతైన నీటి నీలమే కనిపిస్తుంది. అంచుకు వస్తున్నకొద్దీ నీరు చల్లారుతుంది. ఏ వేడికి తగిన జీవులు ఆ వేడిలో కాపురం పెడతాయి. రంగును చూసి వేడిని ఉజ్జాయింపుగా చెప్పవచ్చునన్నమాట!

1871లో హేడెన్ బృందంతో విలియం హెన్రీ జాక్సన్ అనే ఫోటోగ్రాఫరు అక్కడికి వెళ్ళాడు. అప్పట్లో గాజు పలకకు అక్కడికక్కడే మందు పూసి, ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. అంత కష్టపడినా వచ్చింది నలుపూ తెలుపే. రంగుల్ని థామస్ మోరన్ అనే చిత్రకారుడు తన బొమ్మల్లో పట్టుకువచ్చాడు. అవన్నీ చూశాకే చాలామందికి ఆ వింతలమీద నమ్మకం కుదిరింది. 1872లో ఆ చోటు జాతీయవనమయింది.

ఇప్పుడు ఇంట్లో ఉన్న ఫోనుతోనే రంగుల ఫోటో వస్తుంది. అయితే బుగ్గల దగ్గర ఆవిరి అద్దాన్ని కప్పేస్తుంది. గాలి దాన్ని పక్కకు తోసేదాకా ఆగాలి. పెద్దలు కూడా వినవలసిన మాట ఒకటి: అక్కడ నేల పైపెచ్చు పలుచన, కింద మరిగే నీరు. బొమ్మ బాగా వస్తుందని బాట దిగిపోకూడదు. అలా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఆలూరు నెర్రెల దగ్గర ఆ భయం లేదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేవేళ, పక్కన ఒక చింతగింజ పెట్టి ఫోటో తీయండి, పగులు ఎంత వెడల్పో తెలుస్తుంది. వారం పోయాక అదే చోట మళ్ళీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టండి. ఒక్కొక్క పలకకు ఎన్ని మూలలున్నాయి?