హెరాల్డు తలుపుకు సుత్తి దెబ్బలా?

ధర్మపురి నుంచి సేలం వైపు తొప్పూరు ఘాటు దిగేటప్పుడు కారు తలుపు సగమే పడి ఉంటే ఏమవుతుందో ఆ దారెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. దిగుడు, వంకరలు, వెనక లారీలు. పాత కార్లకు సీటు బెల్టులూ ఉండవు. అయినా టాపు లేని పాత కారంటే మోజు మాత్రం తగ్గలేదు. రంగులేయడానికి వేలకు వేలు పోసే యజమాని తలుపు పడకపోతే తాడుతో కట్టి నెట్టుకొస్తాడు! మెకానిక్కేమో సుత్తి తీస్తాడు. రెండూ తప్పే.

మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961లో తెచ్చిన స్టాండర్డ్ హెరాల్డునే తీసుకోండి. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డుకు మన రూపమది. గీసింది ఇటలీ మిచెలొట్టి. ఆ కారుకు ఛాసిస్ వేరు. బాడీ ముక్కలు ముక్కలుగా దానిమీద బోల్టులతో కూర్చుంటుంది. టాపూ బోల్టులమీదే, విప్పేయొచ్చు. ఇంగ్లండులో కన్వర్టిబుల్‌గానే అమ్మారు కూడా. కానీ ఏళ్లు గడిచి బాడీని మోసే చేతులు తుప్పుపడితే నడుము కుంగుతుంది. తలుపు సందు పైన బిగుస్తుంది, కింద విచ్చుకుంటుంది. ఇక లాకు ఒకచోట, దాన్ని పట్టుకునే స్ట్రైకర్ ఇంకోచోట. అంబాసిడరు, పద్మిని సంగతి మరీ ఘోరం. వాటికి విడి ఛాసిస్ లేదు. టాపు కూడా బలంలో భాగమే. దాన్ని కోసేస్తే మూత కోసిన అట్టపెట్టె లెక్క.

రోగం ముందు తెలుసుకోవాలి కదా. తలుపు తెరిచి చివర పట్టుకుని పైకెత్తి చూడాలి. ఊగితే బందుల పిన్నులు అరిగినట్టే. తలుపు తెరిచే ఉంచి స్క్రూడ్రైవరుతో లాకును మూస్తే అది రెండు మెట్లూ పడాలి. పడకపోతే లోపల గ్రీజు గట్టిపడింది. కిరసనాయిలుతో కడిగి పల్చటి నూనె వేస్తే చాలు. కొత్తగా వేసిన రబ్బరు బీడింగు లావైనా తలుపు బయటికి తన్నుతుంది. ఇది చాలామందికి తట్టదు. ఇవన్నీ బాగుంటే అప్పుడు కారు కింద ఒక పక్క జాకీ పెట్టాలి. ఎత్తగానే సందు మారిందా, జబ్బు నడుములో ఉంది. తలుపు చోట అడ్డకడ్డీలు వేసి నిలబెట్టి, ఆ తర్వాతే కింది రేకు వెల్డింగు. హెరాల్డుకైతే బాడీ కింద బిళ్లలు సర్ది సందు సరిచేయాలి. స్ట్రైకర్ జరపడం ఆఖరి పని. మన టింకరు షాపుల్లో అదే మొదటి పనైపోయింది.

చట్టమూ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆర్‌సీలో ఉన్న రూపు మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ఆ గుర్తింపు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపులో ఉండాలి. టాపు విప్పి దాచుకున్న హెరాల్డువాడు మళ్లీ బిగించుకుంటాడు. కోసేసినవాడి గతేంటి?

15 ఏళ్లు దాటిన సొంత కారు ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు రావాల్సిందే. అప్పుడు ఇన్‌స్పెక్టరు లైట్లు, హారను చూసి సంతకం పెడితే ఎట్లా? జాకీ మీద ఒక పక్క ఎత్తించి, నాలుగు తలుపులుంటే నాలుగూ, రెండుంటే రెండూ వేయించి చూడాలి. ఐదు నిమిషాల పని.